పిడికెడు బియ్యం, ఒక్క గిన్నె, రెండు ప్రశ్నలు

(వాడల చరిత్ర – 17వ భాగం)



పోయిన భాగం చదివిన ఒక డిగ్రీ విద్యార్థి ఇలా అడిగాడు. "అన్నా, మీ తాతలు పాలపిండికీ గోధుమనూకకీ మతం అమ్ముకున్నారని హాస్టల్లో ఎగతాళి చేస్తున్నారు. ఏం చెప్పాలి?"

ఈ మాట నేనూ హాస్టల్లోనే మొదటిసారి విన్నాను. అప్పుడు జవాబు లేక తల దించుకున్నాను. ఈ భాగం అందుకే రాస్తున్నా.

ముందు తేదీలు చూద్దాం. అమెరికా పాలపిండి, గోధుమలు మన పల్లెలకు చేరింది 1950ల తర్వాత. మన వాడలు గుంపులు గుంపులుగా క్రైస్తవంలోకి నడిచింది 19వ శతాబ్దం రెండో సగం నుంచి 1940ల దాకా. అంటే ఎగతాళి చేసేవాళ్ళకు చరిత్ర సంగతి అలా ఉంచండి, కాలెండరు కూడా తెలియదు.

కానీ తేదీల జవాబు సగం జవాబే. మిగతా సగం మా నానమ్మ వంటింట్లో ఉంది.

మా నానమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, సోలతో బియ్యం కొలిచాక, అందులోంచి ఒక పిడికెడు తీసి మూలనున్న చిన్న కుండలో వేసేది. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. బియ్యం లేని రోజు జొన్నలు వేసేది. ఆదివారం ఆ కుండలోవి కొంగులో మూట కట్టుకొని గుడికి పోయేది. మేం పిల్లలం అర్ధాకలితో ఉన్న రోజుల్లో కూడా ఆ పిడికెడు ఆగలేదు. ఒకసారి కోపమొచ్చి అడిగాను, "మనకే లేవు గదా, దేవుడికెందుకే?" అని. నానమ్మ అంది: "ఊళ్ళో మనం అడుక్కునేటోళ్ళం రా. గుడిల మనం ఇచ్చేటోళ్ళం."

ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. గడీ ముందు చెయ్యి చాచి నిలబడాలి. కళ్ళం దగ్గర మిగిలిన గింజల కోసం కాచుకోవాలి. పెళ్ళి ఇంటి వెనక ఎంగిలి విస్తళ్ళ కోసం చూడాలి. తరతరాలుగా మనవాళ్ళ చేతికి అప్పగించిన పని అదే, కింద ఉండి అందుకోవడం. ఆ చెయ్యి మొదటిసారి పైకి వచ్చి ఇచ్చే చెయ్యి అయింది. పాలపిండికి అమ్ముడుపోయారని ఎగతాళి చేసేవాళ్ళకు తెలియని చరిత్ర ఇది. మనవాళ్ళు పుచ్చుకోవడానికే కాదు, ఇవ్వడానికీ గుడికి పోయారు.

ఈ పిడికెడు బియ్యం అలవాటును మన ప్రాంతంలో పట్టుబట్టి నేర్పిన మనిషి ఒకరున్నారు. డోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. డోర్నకల్ జంక్షన్‌లో రైలు మారిన మీలో ఎంతమందికి ఈ పేరు తెలుసు? మన పాఠ్యపుస్తకాల్లో ఈయన లేడు. చర్చీల్లో ఫొటోగా ఉన్నాడు. ఫొటోకు దండ వేస్తారు గానీ ఆయన ఆలోచనలను చర్చకు పెట్టరు. మనం పెడదాం. మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకుందాం, నిలదీయాల్సిన చోట నిలదీద్దాం.

*ఎవరీయన?*

అజరయ్య తెలుగువాడు కాదు, దళితుడూ కాదు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విలై అనే పల్లెలో నాడార్ కుటుంబంలో పుట్టాడు. తండ్రి మతం మారిన మనిషి, ఆంగ్లికన్ గురువు. తాటిచెట్లెక్కి బతికిన కులం నాడార్లది. ఆ కులాన్ని గుళ్ళలోకి రానిచ్చేవాళ్ళు కాదు. కముది గుడి ప్రవేశం కోసం వాళ్ళు కోర్టుకెక్కితే, లండన్ ప్రివీ కౌన్సిల్ 1908లో వాళ్ళకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. కాబట్టి గుడి తలుపు ముఖం మీద మూసుకోవడం అంటే ఏమిటో ఆయన కులానికి తెలుసు. అయితే మన మాల మాదిగల బతుకు వేరు. ఆ తేడా మరిచిపోవద్దు.

చదువయ్యాక వై.ఎం.సి.ఎ.లో పనిచేశాడు. 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టినవాళ్ళలో ఒకడు. దాని ప్రత్యేకత ఏమిటంటే డబ్బూ మనదే, మనుషులూ మనవాళ్ళే. దొరల డబ్బు లేకుండా నడపాలన్నది పట్టుదల. ఆ సొసైటీ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతం. 1909లో పెద్ద ఉద్యోగం వదిలి, 35 ఏళ్ళ వయసులో తెలుగు అక్షరాలు దిద్దుకుంటూ ఆయన డోర్నకల్ వచ్చాడు. ఆ ఏడాదే గురువుగా అభిషేకం పొందాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని బిషప్‌గా ప్రతిష్ఠించారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

దొరల కింద పనిచేస్తూ దొరల ముఖం మీదే మాట్లాడిన మనిషి కూడా. 1910లో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ లేచి, మీరు మాకు డబ్బిచ్చారు, ప్రాణాలిచ్చారు, కానీ మమ్మల్ని సాటి మనుషులుగా మీ బల్ల దగ్గర కూర్చోబెట్టుకోలేదు, మాకు స్నేహితులు కావాలి అన్న అర్థంలో మాట్లాడాడు. సభలో కొందరికి కాలింది. వలస పాలన నడుస్తున్న రోజుల్లో, వాళ్ళ గడ్డ మీద నిలబడి, దానం వేరు స్నేహం వేరు అని చెప్పడం చిన్న సంగతి కాదు.

ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. అజరయ్య ఆలోచనంతటికీ ఇదే మూలం. ఎడింబరోలో తెల్లవాళ్ళను అడిగినదాన్నే డోర్నకల్‌లో ఆయన ఆచరణలో పెట్టాలనుకున్నాడు. ఎంతవరకు పెట్టగలిగాడన్నదే మన ప్రశ్న.

*ఆరాధన ఎక్కడ మొదలవుతుంది?*

ఆంగ్లికన్ పద్ధతి గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. అది పుస్తకం పట్టుకొని నడిచే ఆరాధన. అచ్చు వేసిన ప్రార్థనలు, లేవడం, మోకరించడం, వరస తప్పని క్రమం. బయటినుంచి చూస్తే మన వాడకు ఏ సంబంధం లేని ఇంగ్లీషు తంతు. అజరయ్య ఈ క్రమాన్ని వదల్లేదు, కానీ దాన్ని గుడి గోడల మధ్య ఉండనివ్వలేదు. ఆరాధనకు పరీక్ష గుడిలో కాదు, ఇంట్లో, చేలో, బావి దగ్గర అన్నది ఆయన బోధన. నాలుగు సంగతులు చూద్దాం.

ఒకటి, ఇవ్వడం. దీని మీద ఆయన ఒక పుస్తకమే రాశాడు. పేదవాడు ఇవ్వలేడు అనడం పేదవాణ్ణి అవమానించడం అన్నది ఆయన వాదన సారం. పిడికెడు బియ్యం, కోతల పండుగకు మొదటి పంట, కోడి, గుడ్డు, సొరకాయ ఏదైనా సరే. విదేశీ డబ్బు మీద బతికే సంఘం విదేశీ మాట వినక తప్పదు. సొంత గింజల మీద నిలబడ్డ సంఘం సొంతంగా మాట్లాడుతుంది. ఉద్యమాల్లో ఉన్న మనకు ఈ లెక్క కొత్తది కాదు. ఎవరి డబ్బుతో సభ పెడితే వాళ్ళ మాటే మైకులో వినిపిస్తుంది.

రెండు, ఆదివారం. సెలవు రోజే గదా అని తేలిగ్గా తీసుకోకండి. నిజాం రాజ్యంలో వెట్టి అంటే వారం, పండుగ, రోగం ఏదీ లేని చాకిరి. అలాంటి చోట ఒక మాల మనిషి, ఒక మాదిగ మనిషి "ఆదివారం రాను, గుడికి పోవాలె" అన్నాడంటే అది దొర ముఖం మీద చెప్పిన మొదటి "రాను". మతం మారిన కూలీలు వారానికో రోజు పని మానేయడం మీద దొరలకూ కాపులకూ కోపం ఊరికే రాలేదు. ఆరాధన పేరుతో వారానికో రోజు సమ్మె జరుగుతోందని వాళ్ళకు అర్థమైంది. మనమే ఆ కోణంలో చూడలేదు.

మూడు, నోరు విప్పడం. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషి చేత అజరయ్య తన తల మీద తానే చెయ్యి పెట్టించి ప్రమాణం చేయించేవాడు. నేను బాప్తిస్మం పొందినదాన్ని, నేను విన్నది పదిమందికి చెప్పకపోతే నాకు మంచిది కాదు అని. మతప్రచారం కోణంలో ఇది మీకు నచ్చకపోవచ్చు. కానీ ఆ చెయ్యి ఎవరి తల మీద ఉందో చూడండి. ఊళ్ళో నోరెత్తితే దెబ్బలు తినే ఆడమనిషి తల మీద ఉంది. "నువ్వు మాట్లాడాలి, మాట్లాడకపోతే తప్పు" అని మన అవ్వలకు చెప్పినవాళ్ళు అంతకుముందు ఎంతమంది? గుడిలో కీర్తన ఎత్తుకున్న గొంతులు, కోలాటం వేసిన కాళ్ళు, ఉపదేశి పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్న భార్యలు, వీళ్ళందరి నుంచే మన వాడల్లో మొదటి టీచర్లూ నర్సులూ వచ్చారు. 1935 నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలంలో 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. 1941 నాటికి సభ్యుల సంఖ్య దాదాపు 2 లక్షల 25 వేలు. ఆ సభ్యుల్లో ఎక్కువమంది మాలలు, మాదిగలే.

నాలుగు, ఒక్క గిన్నె. ఆంగ్లికన్ సంస్కారంలో ద్రాక్షరసం ఒకే గిన్నెలో ఇస్తారు. ఆ గిన్నె ఒక పెదవి నుంచి ఇంకో పెదవికి పోతుంది. హోటల్లో మనకు విడి గ్లాసు, బావి దగ్గర దోసిట్లో పోసే నీళ్ళు, అలాంటి ఊళ్ళో గురువు తాగిన గిన్నెలోనే మాల తాగాలి, మాల తాగినదాన్లోనే మాదిగ తాగాలి. ఏ ఉపన్యాసమూ అక్కర్లేదు, అంటరానితనం మీద ఇంతకంటే సూటి ప్రకటన ఉండదు.

*ఆ గిన్నె దగ్గరే ఆగిపోయాం*

ఇప్పుడు మనల్ని మనం నిలదీసుకుందాం.

ఆ గిన్నె దగ్గరే కులం బయటపడింది. మాలలు ముందు చేరిన చోట మాదిగలు రాలేదు, మాదిగలు ముందు చేరిన చోట మాలలు రాలేదు. ఒకే ఊళ్ళో రెండు వాడలు, రెండు గుళ్ళు. ఒక వాడ ఒక మిషన్‌కు పోతే రెండో వాడ పంతానికి ఇంకో మిషన్‌కు పోయింది. కొన్ని చోట్ల పక్కవాడ వాళ్ళు తాగిన గిన్నె ముట్టమని పట్టుబట్టారు. పై కులాలు మన మీద రుద్దిన జబ్బును మనం బాప్తిస్మం నీళ్ళలోంచి కూడా భద్రంగా దాటించుకొచ్చాం. ఈ మాట రాయడం నాకు బాధగానే ఉంది. రాయకపోతే ఇది చరిత్ర కాదు, భజన అవుతుంది.

అజరయ్యనూ నిలదీయాలి. చచ్చిన పశువుల మాంసం మానండి, తాగుడు మానండి, శుభ్రంగా ఉండండి అని ఆయన గట్టిగా చెప్పేవాడు. 1927 మహాడ్ సభలో బాబాసాహెబ్ కూడా చచ్చిన గొడ్ల మాంసం మానమనే చెప్పాడు. పశువు చస్తే లాక్కెళ్ళి తినడం మన ఇష్టం కాదు, మన మీద వేసిన కట్టడి. దాన్ని తెంచుకోవడం ఆత్మగౌరవమే. కానీ చాలా సంఘాల్లో ఈ శుభ్రత డప్పు దగ్గరికి కూడా వచ్చింది. పిలిచినప్పుడల్లా పోయి కొట్టాల్సిన వెట్టి డప్పును వదిలేయడం ఒకటి. మన చేతుల్లో పుట్టిన వాయిద్యాన్నే అపవిత్రం అని గుడి బయట పెట్టడం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య గీత గీయలేక, మన అయ్యగార్లు వెట్టితోపాటు మన కళను కూడా పారేశారు. డోర్నకల్ కథీడ్రల్ చూడండి. 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. గుమ్మటాలూ మినార్లూ ఉన్నాయి, గుడి స్తంభాలు కూడా ఉన్నాయి. హిందువుల కట్టడానికీ ముస్లింల కట్టడానికీ అందులో చోటు దొరికింది. మాదిగ డప్పుకు మన గుళ్ళలో చోటు దొరకడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

రాజకీయం సంగతి కూడా. 1932 కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ఇచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలను అజరయ్య వ్యతిరేకించాడు. సంఘం ఒక ఓటు గుంపుగా మారిపోతుందని ఆయన భయం. ఆయన నిజాయితీని నేను శంకించను. కానీ అధికారంలో వాటా లేకుండా ఆత్మగౌరవం ఎంతకాలం నిలుస్తుంది? మతం మారిన అంటరానివాళ్ళు తమ మీద జరిగే అన్యాయాల మీద కదలరు, ఉద్యమించరు అని బాబాసాహెబ్ తన రాతల్లో విమర్శించాడు. ఆ విమర్శ మన సంఘాలకు నేటికీ తగులుతుంది.

*ఆవు, మనిషి*

అయితే ఆ కాలంలో మనవాళ్ళ విశ్వాసాన్ని ఎవరెలా చూశారో కూడా చెప్పాలి. 1936 డిసెంబరు హరిజన్ పత్రికలో అమెరికా క్రైస్తవ నాయకుడు జాన్ మాట్‌తో గాంధీ జరిపిన సంభాషణ అచ్చయింది. ఆవుకు సువార్త చెబుతారా అని గాంధీ మాట్‌ను అడిగాడు. అర్థం చేసుకోవడంలో కొందరు అంటరానివాళ్ళు ఆవుల కంటే తక్కువ అన్నాడు. హరిజనులని పేరు పెట్టిన నోటితోనే.

మా నానమ్మ చదువుకోలేదు. కానీ ఎవరు తనను అడుక్కునేదానిగా చూస్తున్నారో, ఎవరు ఇచ్చేదానిగా చూస్తున్నారో ఆమెకు తెలుసు. ఆ తేడా తెలియడానికి ఏ సిద్ధాంత గ్రంథమూ అక్కర్లేదు. అజరయ్యకూ గాంధీకీ ఆ రోజుల్లో నడిచిన పేచీలో అసలు ప్రశ్న ఇదే. అంటరాని మనిషికి తన దేవుణ్ణి తాను ఎంచుకునే బుద్ధి ఉందా లేదా? ఉందని అజరయ్య నమ్మాడు. అందుకే ఆయనతో ఎన్ని తగాదాలున్నా ఈ ఒక్క విషయంలో నేను ఆయన పక్కన నిలబడతాను.

*బాబాసాహెబ్ అడిగిన రెండు ప్రశ్నలు*

1935 అక్టోబరు 13న యేవలాలో బాబాసాహెబ్ ప్రకటించాడు, హిందువుగా పుట్టాను, హిందువుగా చావను అని. అన్ని మతాల పెద్దలూ ఆయన వైపు చూశారు. ఆ రోజుల్లో అజరయ్యకూ అంబేడ్కర్‌కూ మధ్య జరిగిన మాటల గురించి అజరయ్య జీవితచరిత్రల్లో ఒక కథనం ఉంది. బాబాసాహెబ్ రెండు ప్రశ్నలు అడిగాడట. మేం క్రైస్తవంలోకి వస్తే, దేశంలో ఏ మూలనున్నా అందరం ఒకే సంఘంగా ఉండగలమా, లేక ఒకడు ఆంగ్లికన్, ఒకడు బాప్టిస్టు, ఒకడు లూథరన్ అని చీలిపోతామా? రెండోది, మీ సంఘంలో కులం పూర్తిగా లేకుండా పోయిందా?

అజరయ్య ఏ ఒక్కదానికీ అవునని చెప్పలేకపోయాడు. బతుకులో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడని ఆ కథనం.

మిత్రులారా, ఆయన అబద్ధం చెప్పి ఉండొచ్చు. లక్షలాది మంది తన మతంలోకి వచ్చే అవకాశం ఎదురుగా ఉంది. మా దగ్గర కులం లేదు, రండి అంటే సరిపోయేది. అనలేదు. నన్నడిగితే ఆయన విశ్వాసానికి అసలు పరీక్ష అదే, అందులో ఆయన నెగ్గాడు. సంఘం మాత్రం ఓడిపోయింది.

మొదటి ప్రశ్న మీద ఆయన అప్పటికే పనిచేస్తున్నాడు. 1919లో తరంగంబాడిలో సంఘాల ఐక్యత కోసం జరిగిన సమావేశానికి ముందు నిలబడ్డవాళ్ళలో ఆయన ఒకడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశాడు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. మనం సి.ఎస్.ఐ. అని పిలిచేది దాన్నే. అంటే మొదటి ప్రశ్నకు సగం జవాబు దొరికింది, అదీ ఆయన పోయాక.

రెండో ప్రశ్నకు జవాబు రాలేదు. పైగా 1950లో ప్రభుత్వం ఇంకో దెబ్బ కొట్టింది. ఆ ఏడాది ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందూ మతానికి ముడిపెట్టింది. 1956లో సిక్కులనూ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవ, ముస్లిం దళితులు ఇప్పటికీ బయటే. మన దగ్గర ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్ళను బీసీ-సీలో పెట్టి 1 శాతం ఇచ్చారు. మా వాడలో తాత పేరు పేతురు, మనవడి సర్టిఫికెట్‌లో ఇంకేదో పేరు. ఇంట్లో ఒక పేరు, ఆఫీసులో ఒక పేరు. గుడి కులం పోయిందంటుంది, ప్రభుత్వం మతం మారితే కులం పోయిందంటుంది, ఊరు మాత్రం నీ కులం నాకు తెలుసంటుంది. ఈ ముగ్గురిలో నిజం చెబుతున్నది ఊరొక్కటే!

*ఇప్పుడేం చేద్దాం?*

హాస్టల్లో ఆ ప్రశ్న అడిగిన తమ్ముడికి నా జవాబు ఇది. మన తాతలు అమ్ముడుపోలేదు. అందుకునే చెయ్యిని ఇచ్చే చెయ్యిగా మార్చుకున్నారు, వారానికో రోజు దొరకు "రాను" అని చెప్పారు, ఒక్క గిన్నెలో తాగడానికి ప్రయత్నించారు. కొంత గెలిచారు, కొంత ఓడారు. ఎగతాళి చేసేవాళ్ళ తాతలు ఏ గిన్నెలో ఎవరితో తాగారో అడుగు.

మన సంఘాల్లో ఉన్నవాళ్ళకు ఇంకో మాట. వచ్చే ఆదివారం మీ గుడికి పోయినప్పుడు మూడు సంగతులు చూడండి. కమిటీలో ఎవరున్నారు? సమాధుల దొడ్డిలో ఎవరి వరస ఎక్కడుంది? పెళ్ళి సంబంధాలు ఏ వాడ దాకా పోయి ఆగిపోతున్నాయి? ఈ మూడూ చూశాక బాబాసాహెబ్ రెండో ప్రశ్నకు మీరే జవాబు చెప్పండి. సిగ్గనిపిస్తే మంచిదే. అజరయ్యకు కూడా అనిపించింది. సిగ్గుపడ్డ చోట పని మొదలుపెట్టొచ్చు.

నానమ్మ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ చిన్న కుండ మా అన్న ఇంట్లో ఉంది. మా వదిన ఇప్పటికీ దాన్లో పిడికెడు వేస్తుంది. మొన్న పోయినప్పుడు అడిగాను, ఈ బియ్యం ఎక్కడికి పోతున్నాయి వదినా అని. గుడికి సగం, వాడలో పరీక్షలకు చదువుకునే పిల్లల వంటకు సగం అంది. ఆ పిల్లల్లో మాల పిల్లలున్నారా, మాదిగ పిల్లలున్నారా అని కూడా అడిగాను. "కుండ ఒకటే గదా" అని నవ్వింది.

తర్వాతి భాగంలో 1917 బెజవాడ ఆది-ఆంధ్ర మహాసభ గురించి మాట్లాడుకుందాం. మీ నానమ్మలు, అమ్మమ్మలు చెప్పిన సంగతులుంటే రాసి పంపండి. పేర్లు వద్దంటే పేర్లు లేకుండానే పెడతాను.

జై భీమ్!